పెద్దమ్మ కొంగులో గౌరమ్మ

మా పెద్దమ్మ ఉద్యమకారిణి కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఆమె పోయాక "రాష్ట్రం కోసం చేయి విరగ్గొట్టుకున్న తల్లి" అని ఫ్లెక్సీ కట్టినవాళ్లకు ఆమె గురించి తెలిసింది ఒక్కటే, ఆమె చేతి వంట.

జనగామలో పెదనాయనకు పప్పులు, నూనెల దుకాణం. దాని వెనకే ఇల్లు. మహబూబాబాద్ నుంచి డిగ్రీ చదువుకు వచ్చి నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని. పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టనిదే పెద్దమ్మ మంచినీళ్లు కూడా ముట్టదు. దీపం పెట్టాక ఇక ఆగదు. వాడకట్టులో ఎవరికి జ్వరమొచ్చినా మిరియాల చారు గిన్నె బయల్దేరేది. మా సందు మొదట్లో ప్రత్యేక రాష్ట్ర దీక్షా శిబిరం వెలిశాక ఆ గిన్నె గుండిగ అయింది. రిలే నిరాహార దీక్ష ముగించిన వాళ్లకు పులిహోర, కూర్చోబోయే వాళ్లకూ పులిహోర. కూర్చున్నవాళ్ల సంగతి నాకు తెలియదు.

ఆ ఎండాకాలం, శిబిరం నడిపే నాయకుడు ఇంటికొచ్చాడు.

"అమ్మా, రేపు చౌరస్తల బతుకమ్మ ఆడాలె. మీరే ముంగట ఉండాలె. ఆడోళ్లుంటే పోలీసోళ్లు ముట్టరు."

"గీ ఎండలల్ల బతుకమ్మేంది బిడ్డా? తంగేడేది, గునుగేది?"

"ప్లాస్టిక్ పూలు తెప్పించిన. టీవీల గవ్వే మంచిగ కనవడ్తయి."

తెల్లవారి పెద్దమ్మ పసుపు తడిపి, ముద్ద చేసి, వేళ్లతో నొక్కి గౌరమ్మను చేసింది. కుంకుమ బొట్టు పెట్టి, తమలపాకు మీద ఉంచి, ఆ ప్లాస్టిక్ పూల నడుమ కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, ఇది టీవీ కోసం ఆడే బతుకమ్మ. గౌరమ్మ ఎందుకు?"

"టీవీకి పూలున్నయి గద. నడుమ తల్లి లేకుంటే అది బతుకమ్మ ఎట్లయితది? పూలకుండీ అయితది."

ఇక అంతే. గౌరమ్మను పెట్టాక నీళ్లలో సాగనంపాల్సిందే. నడి రోడ్డు మీద వదిలేసి రావడం అనే పద్ధతి మా ఆడవాళ్లకు లేదు. ఆ సంగతి నాయకుడికీ తెలియదు, పోలీసులకూ తెలియదు.

నాలుగు చుట్లు తిరిగామో లేదో వ్యాన్లు దిగాయి. "ఎవ్వరు కదలొద్దు!" అని నాయకుడు మైకులో అరిచి, కదిలాడు. ఆయన వెనకే ఆయన మనుషులు. ఆడవాళ్లు తలో దిక్కు ఉరికారు. బతుకమ్మ బోర్లా పడింది. పెద్దమ్మ మాత్రం అన్ని కాళ్ల నడుమ వంగి పసుపుముద్ద కోసం వెతుకుతోంది. దొరికింది. అప్పుడే లాఠీ కూడా దొరికింది. "స్వల్ప లాఠీఛార్జి" అని మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ స్వల్పం ఆమె కుడి మణికట్టు మీద పడింది.

ఎడమ చేత్తో గౌరమ్మను కొంగులో చుట్టుకుని ఆమె వ్యాన్ ఎక్కింది. వెంట నేనూ ఎక్కాను. నర్మెట్ట రోడ్డులో ఒక ఫంక్షన్ హాలులో కూర్చోబెట్టారు. మణికట్టు బూరెలా పొంగుతోంది. దవాఖానకు పంపమని ఎస్సైతో కొట్లాడాను. "సాయంత్రం వదిలేస్తంగా" అన్నాడు, పెళ్లి భోజనాలు కాస్త ఆలస్యమవుతాయన్నట్టు.

కొంగులో ఏముందో చూసిన ఆడ కానిస్టేబుల్ ఎక్కడి నుంచో ఒక బకెట్ తెచ్చింది.

"అమ్మా, గిదే చెరువనుకొని ఇందుల కలుపు. నేనేం చెయ్యగల్గుత?"

"నీ మనసు మంచిది బిడ్డా. గని బకెట్ నీళ్లు ఎటు పోతయి? మోరీలకే గద."

కానిస్టేబుల్ తల దించుకుంది. ఆ హాలులో సిగ్గుపడింది ఆమె ఒక్కతే.

చీకటి పడుతుండగా వదిలారు. నేను ఆటో ఆపి "దవాఖానకు" అన్నాను. పెద్దమ్మ "చెరువుకు" అంది. నడి రోడ్డు మీద ఆమెను తిట్టాను. విననట్టే ఎక్కి కూర్చుంది. ఎండాకాలం కదా, చెరువు నీళ్లు ఒడ్డు విడిచి నడిమధ్యకు పోయాయి. బురదలో ఆమె నడుము పట్టుకుని నడిపించాను. ఎడమ చేత్తో గౌరమ్మను నీళ్లలో వదిలి, "పోయిరా తల్లీ, నిన్ను పరేషాన్ జేసినం" అంది. పరేషాన్ చేసింది ఎవరో నా నోట్లోనే ఉంది, మింగాను. ఆ తర్వాతే దవాఖాన. ఎముక అతుక్కుంది కానీ వంకరగా. మళ్లీ ఆ చెయ్యి పిండి పిసకలేదు.

కొన్నాళ్లకు నాయకుడు ఫొటోగ్రాఫర్‌తో వచ్చాడు. ఆ రోజు ఆయన అర్జంటుగా భూపాలపల్లి పోయి బొగ్గు కార్మికులకు సంఘీభావం తెలపవలసి వచ్చిందట. ఫొటో అయ్యాక కట్టు వైపు చూసి అన్నాడు:

"పసుపుముద్ద పెట్టుమని ఎవలన్నరమ్మా? అందరి లెక్క ఉరికితే అయిపోతుండె గద!"

"నువ్వు ఉరుకుతవు బిడ్డా. నీ చేతులల్ల ఏమున్నది?"

ఆయన నవ్వాడు. ఇక పొమ్మంటుందని నేను తలుపు దగ్గరకు నడిచాను. పెద్దమ్మ "తిని పో" అంది. ఎడమ చేత్తో వడ్డించింది. గరిటె వణికి పచ్చిపులుసు నేల మీద పడింది. ఆయన మారు అన్నం కూడా పెట్టించుకున్నాడు.

"అన్నా, పళ్లెం మీరే కడుక్కోండి. ఈ ఇంట్లో ఒక చెయ్యి తక్కువుంది" అన్నాను.

నేను జోకులు వేస్తానని వాడకట్టంతా ఎరుకే. ఆయన మళ్లీ నవ్వాడు. నేను పోయి నల్లా తిప్పి, ఆయన పళ్లెం పట్టుకుని లేచేదాకా అక్కడే నిలబడ్డాను.