సారు చెప్పిన ఆయిల్

నా కారులో ఏ ఇంజన్ ఆయిల్ పొయ్యాలో నాకు తప్ప అందరికీ తెలుసు.

పామర్రు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. విజయవాడ నుంచి రోజూ నేనే కారు నడుపుకుంటూ వెళ్ళొస్తాను. పన్నెండేళ్ళు బస్సులో నిలబడి తిరిగాక కొనుక్కున్న కారు అది. ఆగిపోయిందంటే నా బతుకు మళ్ళీ ఆ బస్సు మెట్ల మీదికే. మా ఆయనకి డ్రైవింగ్ రాదు. నేర్చుకోమంటే ట్రాఫిక్ బాగా లేదంటారు, ఇరవై ఏళ్ళుగా.

రెండేళ్ళ కిందట మే నెలలో సర్వీసింగ్‌కి ఆటోనగర్ తీసుకెళ్ళాను. మెకానిక్ బానెట్ ఎత్తుతూనే తేల్చేశాడు.

"ట్వంటీ ఫిఫ్టీ పోద్దాం మేడం, చిక్కటిది. మన ఎండలకి పల్చటి ఆయిలు నీళ్ళయిపోద్ది."

"మాన్యువల్లో ఫైవ్ థర్టీ అని ఉందండీ."

"ఆ పుస్తకాలు చలి దేశాలోళ్ళు రాసుకున్నయ్యి మేడం."

పుస్తకం తీసి, మన ఎండలకి కూడా అదే ఆయిల్ రాసి ఉన్న పట్టిక చూపించాను. బయట ఎండ ఎంతున్నా నడిచే ఇంజన్ లోపలి వేడి పెద్దగా మారదనీ, దాన్ని అదుపులో ఉంచడానికే రేడియేటర్ ఉందనీ చెప్పాను. ఇది టర్బో ఉన్న చిన్న ఇంజన్, లోపల దారులు సన్నం, చిక్కటి ఆయిల్ పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే త్వరగా పైకి ఎక్కదు అన్నాను. మా క్లాసులో వెనక బెంచీ వాళ్ళకి కూడా అర్థమయ్యే పాఠం. మెకానిక్ శ్రద్ధగా తల ఊపి "అట్టాగే మేడం" అన్నాడు. నేను ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. తల ఊపితే ఒప్పుకున్నట్టే అనుకోవడం నా తప్పు.

నేను మలుపు తిరగ్గానే మా ఆయనకి ఫోన్ చేశాడట. అది నాకు కొన్ని నెలల తర్వాత గానీ తెలియలేదు. మా దగ్గర అదొక మర్యాద. కారు ఆవిడదే, నడిపేదీ ఆవిడే, కానీ సారుని అడక్కుండా ఎలా? సారు ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, వాళ్ళ నాన్నగారి ట్రాక్టర్‌ని తలుచుకుని, "చిక్కటిదే పొయ్యవయ్యా. ఆవిడ అట్లాగే వాదిస్తది" అని సెలవిచ్చారు.

అప్పటినుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ గరగరమనేది. మెకానిక్‌ని అడిగితే "కొత్త ఆయిలు కదా మేడం, అలవాటు పడాలి" అన్నాడు. ఇంట్లో చెబితే "నీకన్నీ అనుమానాలే" అన్నారు, ఆయిల్ సంగతి మాత్రం పైకి చెప్పకుండా.

కొన్ని నెలలకి, ఉయ్యూరు దాటాక స్టీరింగ్ ముందు ఆయిల్ బొమ్మ ఎర్ర లైటు వెలిగింది. వెనకంతా నీలం పొగ. ఫోన్ చేస్తే మా ఆయన వచ్చారు, బండిని లాగించుకుని వేరే షెడ్డుకి తెచ్చాం. అక్కడి పెద్దాయన డిప్‌స్టిక్ లాగి, ఆయిల్‌ని వేళ్ళ మధ్య రాసి చూశాడు.

"ఇదెవరు పోశారమ్మా? లారీ అనుకున్నారా?"

మా ఆయన పక్కనే నిలబడి షెడ్డు బోర్డు చదువుతున్నారు.

"మీరే చెప్పారా?" అన్నాను.

"మంచికే చెప్పాను. అయినా రోజూ తోలేదానివి, నీకు తెలియొద్దూ?"

ఆయిల్ సరిగ్గా అందక పాడైన టర్బో మార్చేదాకా మూడు వారాలు బస్సులో నిలబడ్డాను. ఆ మధ్యలోనే మా మరిది ఇంట్లో భోజనాలు.

"వదినా, కారుకి పొగ పెట్టేశావంట!"

"నేను కాదు, మీ అన్నయ్య."

అందరూ పెద్ద జోకు విన్నట్టు నవ్వారు. మా ఆయన కూడా.

ఇప్పుడు ఆయిల్ మార్చే రోజు కాలేజీకి సెలవు పెడతాను. పిల్లల పాఠం పోతుంది. నా మాట వింటే సరిపోయే పనికి నా సెలవొకటి ఖర్చు. కారు పక్కనే కుర్చీ వేయించుకుని, డబ్బా మీద అంకెలు చదివి, నా ఎదుటే సీలు తీయించి, ఆఖరి చుక్క దాకా చూస్తాను.

మొన్న షెడ్డు పెద్దాయన నొచ్చుకున్నాడు. "ఈ ఎండలో ఎందుకమ్మా, ఇంటికెళ్ళండి. మా మీద నమ్మకం లేదా?"

"లేదండీ" అన్నాను.