కాశీకి ముందు సర్కారు బాకీ

కాశీకి పోయేవాళ్ళు ఎవరి బాకీ వాళ్ళకు తీర్చి పోవాలని మా మామకు గట్టి పట్టింపు. అప్పు మెడకేసుకుని గంగలో మునిగితే పుణ్యమంతా అప్పిచ్చినవాడికే పోతుందట. నేను లక్డారం ఊరికి కోడలినై వచ్చిన కొత్తలో, తొంభైల చివర్లో, ఈ పట్టింపు మా ఇంట్లో పెట్టిన చిచ్చు ఇంతా అంతా కాదు.

అత్తమ్మ పెళ్ళైన నాటి నుంచి కాశీ కాశీ అంటూనే ఉంది. ఒక ఏడు బోరు ఎండేది, ఒక ఏడు ఎవరిదో పెళ్ళి వచ్చి పడేది. చివరికి గడ్డపోతారం మందుల కంపెనీలో పనిచేసే మా ఆయన ఇద్దరికీ రైలు టికెట్లు కొని చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి అత్తమ్మకు సంచి సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం ఒకటే పని.

మామ మాత్రం బాకీల మీద పడ్డాడు. మంగలి ఇంటికి, చుట్టల కొట్టుకు, కిరాణా దుకాణానికి తిరిగి "నీకేమన్న ఇయ్యాల్నా?" అని అడిగాడు. మామకే బాకీ ఉన్నవాళ్ళేమో వసూలుకు వస్తున్నాడనుకుని ఇంటి వెనక నుంచి జారుకున్నారు. నవ్వొచ్చేది గానీ, నవ్వే సంగతి కాదది. ఆయన చిన్నప్పుడు వడ్డీ కట్టలేదని షావుకారు మనుషులు వచ్చి కొట్టంలోని ఎడ్లను తోలుకుపోయారు. అప్పు లేకుండా పోవాలన్నది ఆ రోజు పెట్టుకున్న ఒట్టు.

పొద్దున్నే మామకు పేపరు చదివి వినిపించడం నా పని. నా బీకాంకు ఆ ఇంట్లో ఉన్న విలువ అంతే. ఆ వేళ బడ్జెట్ వార్త వచ్చింది. సర్కారుకు రాబడి కన్నా ఖర్చు ఎక్కువ, లోటు పూడ్చడానికి మళ్ళీ అప్పు, లెక్కేస్తే ఒక్కొక్కరి తల మీద ఇంత అని రాశారు. ఆ ఇంతకు ఒక పాడిబర్రె వస్తుంది.

"ఒక్కొక్కరంటె ఎవరు బిడ్డా?"

"రాష్ట్రంల ఉన్నోళ్ళందరు మామా."

"నేను గూడనా? నేనేడ దస్కత్ పెట్టిన?"

"దస్కత్ అక్కర్లేదు. మనందరి పేరు మీద సర్కారే తెచ్చింది. రోడ్లకు, కరెంటుకు."

మామ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "రోడ్డు మీద నేను నడిచిన. కరెంటుతోని నా బోరు నడుస్తున్నది. అయితె అప్పు నాదే. అది కట్టందె కాశీకెట్ల పోతం?"

అత్తమ్మ చేతిలో చాట కింద పడేసింది. "సర్కారు అప్పు తీరెదాక ఆగితె నేను గంగకు పోవుడు గాదు, గంగనే తెచ్చి నా నోట్ల పోస్తరు!" తర్వాత నా వైపు తిరిగింది. "నీ సదువు సల్లగుండ, గా పేపరు మేం పోయినంక సదువరాదు?"

నిజమే, పోయాక చదివితే ఏం పోయేది? రైలు ఆ వారమే. ఎవరు చెప్పినా మామ వినలేదు. ఆఖరికి నేనే బస్సెక్కించి సంగారెడ్డి తీసుకుపోయాను. అక్కడ రెవెన్యూ దఫ్తర్‌లో మామ రుమాలు మూట విప్పి బల్ల మీద పెట్టాడు.

"నాది, మా ఇంటామెది. రశీదియ్యి సారూ."

"ఏం పైసలివి? నీటి తీరువానా?" అన్నాడు గుమాస్తా.

"కాదు, రాష్ట్రం అప్పుల మా వాటా."

గుమాస్తా మామను కాకుండా నన్ను చూశాడు, ఈ ముసలాయనకు మతి ఉందా అన్నట్టు. నాకు ఒళ్ళు మండింది.

"కట్టించుకోనీకె రాకుంటె పోనీ సారూ, ఇచ్చేదన్న ఇయ్యుండ్రి. కంపెనీల కోసం ఈయన భూమి తీసుకున్నరు. కోర్టు ధర పెంచి ఎన్నేండ్లాయె, ఆ పైసలేవి?"

"బడ్జెట్ లేదమ్మా. వచ్చినంక ఇస్తం" అన్నాడు, రోజూ చెప్పే మాటే కాబట్టి తడుముకోకుండా.

మామ ముఖం వెలిగిపోయింది. "అగో! అయితె సర్కారే నాకు బాకీ! సారూ, మా ఇద్దరి వాటా దాంట్లకెల్లి పట్టుకోని మిగిలింది నిమ్మలంగ ఇయ్యుండ్రి."

"పట్టుకున్నం పో పెద్దాయనా. మంచిగ కాశీ పోయి రా" అని గుమాస్తా నవ్వాడు. మామ ఆ చేయి పట్టుకుని ఊపి గానీ వదల్లేదు.

కాశీ అయింది. అక్కడ ఇష్టమైనదొకటి వదిలి రావాలి కదా. మామ చుట్ట వదిలి నెలరోజులు అందరి మీదా కస్సుబుస్సులాడాడు. అత్తమ్మ ఎన్నడూ నోట పెట్టని కాకరకాయ వదిలి వచ్చింది. రాగానే రామేశ్వరం పాట ఎత్తుకుంది.

ఆ మరుసటి ఏడు మాకు పాప పుట్టింది. అది పుట్టిన వేళావిశేషమో ఏమో, భూమి పైసలు వచ్చాయి. చెక్కు తెచ్చుకోవడానికి మామ ఒక్కడే పోయాడు. పొంగిపోతూ వస్తాడనుకుంటే గుమ్మంలో చెప్పులు విడిచి అక్కడే కూలబడ్డాడు.

"ఏమైంది మామా?"

"మా వాటా పట్టుకోలే. మొత్తం ఇచ్చిండ్రు. ఏడికెల్లి తెచ్చిండ్రని అడిగిన. మొన్న సర్కారు కొత్త అప్పు తెచ్చిందట, అందులకెల్లేనట. నా పైసలు నాకిచ్చెతందుకు మల్ల నా తల మీదనే అప్పు దెచ్చిండ్రు బిడ్డా."

నేను నవ్వబోయి ఆగిపోయాను. మామ తొట్లెలో నిద్రపోతున్న పాపను చూస్తున్నాడు.

"దీని తల మీద గూడ ఉన్నదా?"

"ఉన్నది మామా."

"ఇది ఇంక రోడ్డు మీద ఒక్క అడుగన్న ఏయలే గద."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మర్నాడు మామ పటాన్‌చెరు పోయి, ఆ సొమ్ములోంచి కొంత పాప పేరున పోస్టాఫీసులో వేసి వచ్చాడు. రామేశ్వరం ఖర్చుకు సరిపోయేంత. అత్తమ్మ రామేశ్వరానికి సర్దుకున్న సంచి విప్పేసింది.

"సర్కారు అడిగిననాడు ఇది దిక్కులు సూడొద్దు" అని మామ పాసుబుక్కు నా చేతిలో పెట్టాడు.