కోళ్ళ తొట్టిలో తెల్లనీళ్ళు

మొన్న కుండీలోని మందారానికి తెల్లపురుగు పట్టిందని అనంతపురం పాతూరులో ఒక పురుగుమందుల అంగడికి వెళ్ళాను. నాకంటే ముందొచ్చిన రైతుకు చూపించడానికి అంగడతను ఒక సీసా మూత తీశాడు. కిరోసిన్ వాసనలా మొదలై గొంతులోకి చేదుగా దిగే ఆ ఘాటు తగిలిందో లేదో, మా అవ్వ గొంతూ, పెరట్లో రెక్కలు నేలకు పరిచి పడివున్న కోళ్ళూ, తొమ్మిదేళ్ళ నా చేతుల్లోని సత్తు బేసినూ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, కొనాల్సిన మందు పేరు కూడా మరిచిపోయి బయట అరుగు మీద కూలబడ్డాను. నా కళ్ళనీళ్ళు చూసి పాపం ఆ రైతు మందు ఘాటుకే అనుకున్నాడు. "గాలికి కూర్చో అమ్మా, జాస్తి ఘాటుండాది" అన్నాడు.

మా ఊరు ముదిగుబ్బ వైపు. చుట్టూ ఎర్రనేలలు, రాళ్ళగుట్టలు, వాన పడితే శనక్కాయ చేలు, పడకపోతే గొర్రెల మందలు తొక్కే దుమ్ము. నీళ్ళను మేము నెయ్యిలా వాడేవాళ్ళం. ఊరి బోరింగుకు బిందెల వరుస పొద్దు పొడవకముందే మొదలయ్యేది. ఇంటికొచ్చిన నీళ్ళు నేలపాలు కావడానికి వీల్లేదనేది మా అవ్వ, అంటే మా నాయన తల్లి, పెట్టిన చట్టం. బియ్యమో కొర్రలో కడిగిన నీళ్ళు బర్రెకు, స్నానం నీళ్ళు కరివేపాకు చెట్టుకు, చేతులూ మొహాలూ కడిగిన నీళ్ళు పెరట్లోని రాతి తొట్టిలో కోళ్ళకు. ఆ చేతుల నీళ్ళు బేసినులో పట్టి తొట్టిలో పొయ్యడం నా పని. ఒకసారి అచ్చనగాయలు ఆడే తొందరలో అర చెంబు నీళ్ళు వాకిట్లో పారబోస్తే, అవ్వ నా వీపు మీద ఒక్కటేసి, ఆ తడి ఆరిపోయేదాకా నన్ను దాని పక్కనే నిలబెట్టింది. ఆ దెబ్బ మరిచిపోయాను గానీ, చూస్తుండగానే ఆరిపోయిన ఆ తడిని మాత్రం మరవలేదు.

అవ్వకు ఏడు పెట్టలు, ఒక పుంజు. పెద్దది ఎర్రపెట్ట, దానికి ఇంట్లో మాకంటే ఎక్కువ పెత్తనం. అవ్వ సంగటి ముద్ద మీద ఊరుబిండి పచ్చడి వేసుకుని గడప మీద కూర్చుంటే అది నేరుగా వచ్చి కంచంలో మూతి పెట్టేది, అవ్వ తిట్టుకుంటూనే సంగటి చిదిమి వేసేది. సాయంత్రం "బో బో" అని ఒక్క పిలుపుకు అన్నీ వచ్చి గంప కిందికి దూరేవి. తాత పోయాక అవ్వ మాట్లాడే మాటల్లో సగం ఆ కోళ్ళతోనే. తక్కిన సగం పక్కింటి ఓబుళమ్మతో.

నేను చిన్నవ్వ అని పిలిచే ఓబుళమ్మకూ మాకూ మధ్య మోకాలెత్తు రాళ్ళగోడ. దాని మీదుగా నిప్పూ, మజ్జిగా, ఉగాదికి ఓళిగలూ, ఊళ్ళో కబుర్లూ అటూ ఇటూ పోయేవి. మా పెట్ట పొదుగుకు రాకపోతే మా గుడ్లు ఆమె పెట్ట కింద పెట్టేవాళ్ళు, పిల్లలైనాక చెరి సగం పంచుకునేవాళ్ళు. నేను చెప్పబోయే రోజుల్లో కూడా మా ఎర్రపెట్ట గుడ్లు పదకొండు చిన్నవ్వ ఇంట్లో పొదుగుకింద ఉన్నాయి. అలాగని ఇద్దరికీ పేచీలు లేవని కాదు. ఆ వారమే మా కోళ్ళు గోడ దాటి ఆమె విత్తనానికి ఒలిచి పెట్టుకున్న గింజలు చెదరగొడితే, "ఇంగోసారి ఈడికొచ్చినాయంటే మందు పెడతా సూడు" అని అరిచింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన విత్తనం వాన పడింది. ఊరంతా మట్టివాసన, గొర్రు కర్రల చప్పుడు. అంతకుముందు విత్తనానికి పొడిమందు పట్టించేవాళ్ళు. ఆ ఏడు వేరుపురుగు జాస్తి అని మా నాయన మొదటిసారి సీసామందు తెచ్చాడు. తెల్లవారగానే పెరట్లో గోనెపట్ట పరిచి గింజలకు మందు పట్టించి, ఒక్క గింజ కింద పడకుండా ఏరి మూటగట్టి, బేసినులో చేతులు కడుక్కుని, బండెక్కుతూ నాతో "ఆ నీళ్ళు దూరంగా పారబొయ్ పాపా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. పదును ఆరిపోయేలోగా విత్తాలనే తొందర ఆయనది.

బేసిను సగం నీళ్ళు. తెల్లగా, అచ్చం బియ్యం కడుగులా ఉన్నాయి. చేను వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాను. అన్ని నీళ్ళు నేల మీద పొయ్యడానికి నాకు చేతులు రాలేదు. నాయన మాటకంటే అవ్వ చట్టం పెద్దది. వెనక్కొచ్చి తొట్టిలో పోసి బడికి పోయాను. మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే.

మొదటి రోజు బడి నుంచి వచ్చేసరికి రెండు పెట్టలు చచ్చి ఉన్నాయి. రెండో రోజు మూడు, వాటిలో ఎర్రపెట్ట ఒకటి. కాళ్ళు పట్టు తప్పి, ముక్కు నుంచి సొంగ కారుతూ, అవ్వ ఒళ్ళోనే పోయింది. అవ్వ తన లెక్కన అన్నీ చూసింది. కొక్కెర రోగమైతే మెడ తిప్పాలి, రెట్ట పచ్చగా ఉండాలి, ఊళ్ళో కోళ్ళన్నీ పోవాలి. గోడవతల చిన్నవ్వ కోళ్ళు నిక్షేపంగా తిరుగుతున్నాయి. పాము కాటేమోనని గంప కింద తవ్వి చూసింది, వేపాకు పొగ వేసింది, మేత జొన్నలు దోసిట్లో పోసుకుని వాసన చూసింది. తొట్టి మాత్రం చూడలేదు. అందులో పోసేది మా చేతుల నీళ్ళే కదా.

మూడో రోజు పుంజు కూడా పోయింది. ఆ సాయంత్రం కట్టెలమోపుతో వస్తున్న అవ్వకు, చిన్నవ్వ మా పెరట్లో తొట్టి మీదికి వంగి కనిపించింది. అవ్వ లోపలికొచ్చి మోపు దించి, పొయ్యి వెలిగించకుండా కూర్చుంది.

మర్నాడు గొర్రెలకు సూదులు వెయ్యడానికి వచ్చిన పశువుల డాక్టరును నాయన ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయన పుంజు మేతసంచి కోసి, మొహం దగ్గరికి తీసుకుని, వెంటనే వెనక్కి జరిగాడు.

"రోగం కాదప్పా. యాడో మందు తాగినాయి."

ఆ వాసన నాదాకా వచ్చింది. మూడు పొద్దులుగా నాయన చేతుల మీద వచ్చిన వాసనే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

"ఒక్క గింజ కూడా కింద పడనీలేదు సార్, చేతులు కడిగిన నీళ్ళు కూడా దూరంగా పారబోయిస్తి" అన్నాడు నాయన.

అవ్వ అప్పటికే గోడ దగ్గరికి పోయింది. "ఏమే ఓబుళమ్మా, నిన్న మా తొట్టికాడ ఏం చేస్తాంటివి?"

"నీళ్ళు తెల్లగా, కంపు కొడ్తాండె అక్కా. మిగిలినవన్నా బతుకుతాయని పారబోసినా."

"ఈ కరువులో ఒకరి నీళ్ళు ఒకరు పారబోస్తారా? పెట్టినోళ్ళే ఆనవాలు లేకుండా చేస్తారు. మందు పెడతానంటివి, పెడ్తివి."

"నరసింహసామి మింద ఒట్టు, నేనేం పెట్టలేదక్కా."

అని చిన్నవ్వ నా వైపు చూసింది. ఆ తొట్టిలో నీళ్ళు పోసేది ఎవరో ఆమెకు తెలుసు. నా పేరు చెప్పలేదు. నేనే చెబుతానని ఆగింది. నేను తల వంచుకుని కాలి బొటనవేలితో మట్టి గీకాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు నోరు విప్పి ఉంటే ఇంకో దెబ్బతో పోయేది. రెండు రోజులు ఆగి చెబుదామనుకున్నాను. రెండు రోజులు వారమయ్యాయి. అప్పటికి అవ్వకు చెప్పడం ఇంకా కష్టమైంది.

చిన్నవ్వ ఇంట్లో గుడ్లు పిల్లలయ్యాయి. గోడ మీద చిన్న బుట్టలో అయిదు పిల్లలు, మా వంతు, ఎర్రపెట్ట పిల్లలు. అవ్వ వాటిని కన్నెత్తి చూడకుండా "ఇచ్చేసి రాపో" అంది. మోసుకెళ్ళింది నేనే. పిల్లలు కియ్ కియ్‌మని నా వేళ్ళు పొడిచాయి. చిన్నవ్వ బుట్ట అందుకుని, "మీ అవ్వ తిన్నాదా?" అని అడిగింది. తలూపి పరుగెత్తుకొచ్చేశాను.

ఆ చలికాలం నాయన గోడను మనిషెత్తుకు లేపించాడు. బతికిన రెండు పెట్టలను అవ్వ ఎవరికో ఇచ్చేసింది. గంప అటక ఎక్కింది. అవ్వ గడప మీద కూర్చుని కంచం ముందు పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా తినేది. పన్నెండేళ్ళు అలాగే తిని పోయింది. చావుకు చిన్నవ్వ వచ్చి, లోపలికి రాకుండా వీధిలో నిలబడి ఏడ్చింది. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

పోయినేడు బెళుగుప్పలో కూతురింట్లో ఉందని తెలిసి చిన్నవ్వను చూడటానికి పోయాను. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, నా చేతులు తడిమి గుర్తుపట్టింది. మంచం పక్కన కింద కూర్చుని అంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు. చేతులు వదల్లేదు.

"ఆ పొద్దే సెప్పింటే, మీ అవ్వా నేనూ ఇంగా పన్నెండేండ్లు మాట్లాడుకుంటాంటిమి కదా పాపా" అంది.

మందు కొనకుండానే అంగడి నుంచి ఇంటికొచ్చాను. ఇప్పుడు మా ఊళ్ళో పెరటి కోళ్ళు లేవు, ఎర్రపెట్ట జాతే లేదు, ఆ గోడకు ఇటూ అటూ ఉన్న ఇళ్ళకు తాళాలు. తొట్టిని మాత్రం నేను తెచ్చుకుని మేడ మీద పెట్టుకున్నాను. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి. అయినా చేతులు కడిగిన నీళ్ళు బేసినులో పట్టడం మానలేదు, పట్టిన ప్రతిసారీ వాసన చూస్తాను. తొట్టిలో మాత్రం పొయ్యలేను. అది ఎండిపోయే ఉంది.