వదులు మూత

తోడికోడళ్ళు అక్కచెల్లెళ్ళలా ఉండాలని చెప్పేవాళ్ళకి సాధారణంగా తోడికోడళ్ళు ఉండరు. ఉన్నా, ఒకేచోట ఉద్యోగం చెయ్యరు. పెద్దకోడలికి రెండు యోగాలూ పట్టాయి. అందులో రెండోది తాను చేతులారా తెచ్చిపెట్టుకున్నదే. మరిది పెళ్ళయిన కొత్తలో, చదువుకున్న పిల్ల ఇంట్లో ఊరికే కూర్చుందని జాలిపడి, తాను పనిచేసే పరిశోధనశాలలో డాక్టరుగారికి చెప్పి చిన్నకోడలిని చేర్పించింది. సీసా పట్టుకోవడం దగ్గర్నుంచీ నేర్పింది. ఏకు మేకు కావడానికి ఎంతోకాలం పట్టలేదు.

వాళ్ళ పని పేగు కణాలు పెంచడం. జల్లెడలాంటి సన్నటి పొర మీద ఆ కణాలు సందు లేకుండా అల్లుకుని, పేగు లోపలి గోడలా తయారవుతాయి. దానిమీద యాంటీబయాటిక్ కలిపిన ఉప్పునీరు పోసి, కిందికి ఎంత మందు దిగిందో కొలుస్తారు. మింగిన మాత్ర రక్తంలో కలవాలంటే ఆ గోడ దాటాలి మరి. వీళ్ళు పరీక్షించే మందుకి తనంతట తాను దాటే శక్తి లేదు. కానీ తిండిలోని మాంసకృత్తులు అరిగి చిన్న చిన్న ముక్కలైనప్పుడు, వాటిని లోపలికి చేరవేసే రవాణా ప్రొటీన్లు ఆ కణాల మీద కాపలా ఉంటాయి. ఈ మందుకి ఆ ముక్కల పోలికలున్నాయి. మనవాళ్ళేలే అనుకుని కాపలావాడు లోపలికి పంపేస్తాడు. ఇంకొకరి కోసం తెరిచిన తలుపులోంచి దర్జాగా దూరిపోయే ఆ మందుని చూస్తే పెద్దకోడలికి ఎవరు గుర్తొచ్చేవారో చెప్పక్కర్లేదు.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, పెద్దకోడలు కణాలు పెంచిన పళ్ళేల్లో మందు ముక్కుతూ మూలుగుతూ దిగేది. చిన్నకోడలి పళ్ళేల్లో జలజలా దిగేది. కణాలు ఒకే సీసావి, మందు ఒకటే. డాక్టరుగారిది మొదట్నుంచీ కాలేయం చదువు, పేగుల్లోకి కొత్తగా వచ్చారు. ఆయన రెండు లెక్కలూ చూసి, చిన్నావిడది మంచి హస్తవాసి అని తేల్చేశారు. ఇంటికొస్తే అత్తగారిదీ అదే పాట. చిన్నది కుండీలో ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుందట. ఆ కుండీలకి ఏళ్ళ తరబడి నీళ్ళు మోసిన చేతులు ఎవరివో ఆవిడకి గుర్తులేదు.

ఇదంతా ఓర్చుకునేదే. కానీ కణాల కోసం కొత్త గది సిద్ధమవుతోంది. బల్లలు ఎక్కడుండాలో సుద్దముక్కతో నేలమీద గీసి చూపించింది పెద్దకోడలు. దాని బాధ్యత ఎవరిదో ఈసారి ఫలితాలు చూసి చెబుతానన్నారు డాక్టరుగారు. ఆ రోజు పెద్దకోడలికి అన్నం సయించలేదు.

హస్తవాసి లేదు, గాడిదగుడ్డూ లేదు, ఏదో మాయ చేస్తోందని ఆవిడ నమ్మకం. మర్నాటినుంచి చిన్నకోడలి వెనకే కళ్ళు పెట్టుకు తిరిగింది. ఒక ఉదయం, కణాలు పెంచే వెచ్చటి పెట్టెలో ఉప్పునీటి సీసా కనబడింది.

"దీన్ని ఇందులో పెట్టావేమే? మూత కూడా ఊగుతోంది."

"వెచ్చబడుతుందని పెట్టానక్కా. మూత బిగిస్తే మళ్ళీ తియ్యడం నా వల్ల కాదు. నువ్వు బిగించావంటే ఇక చెప్పక్కర్లేదు."

పెద్దకోడలు ఎప్పుడూ తన సీసాకి మూత బిగించి, వేడినీళ్ళ తొట్టిలో వెచ్చబెట్టేది. ఆ సీసాలో నీరు ఎర్రగా ఉండేది. ఇది పసుపుపచ్చగా మారింది. పులిస్తే పచ్చబడే రంగు ఆ ఉప్పునీటిలో ఉంటుంది. కణాల కోసం ఆ పెట్టెలోకి సోడాలో ఉండే గ్యాసు వదులుతారు. అది వదులు మూతలోంచి దూరి నీటిని పులిపించింది. తిట్టడానికి నోరు తెరిచిన పెద్దకోడలు, మాయంతా ఈ పులుపులోనే ఉందని తోచి, తెరిచినట్టే మూసేసింది. తెలియక చేస్తున్నదానికి తెలివి నేర్పడం దేనికి?

ఎవరూ చూడకుండా తన సీసా మూతా వదులు చేసి, అదే పెట్టెలో పెట్టింది. మందు జలజలా దిగింది. లెక్క పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్ళేసరికి చిన్నకోడలు అక్కడే ఉంది. ఆయన మెచ్చుకుని, నవ్వుతూ అన్నారు:

"పర్వాలేదే, చిన్నావిడ చెయ్యి మీకూ అబ్బింది."

పెద్దకోడలు ఆగలేకపోయింది. "చెయ్యి కాదండీ, మూత" అని మొదలుపెట్టి, దాచుకుందామనుకున్నదంతా కక్కేసింది.

డాక్టరుగారు పుస్తకం తీసి చూసి నుదురు కొట్టుకున్నారు. ఆ రవాణా ప్రొటీన్ మందుని ఒంటరిగా మొయ్యదట. బయటి పులుపు లోపలికి తోసుకొచ్చే ఊపుతోనే మందునీ లాక్కొస్తుందట. అసలు పేగు గోడ దగ్గర కాస్త పులుపే ఉంటుందట. అంతా అచ్చులో ఉన్నదే, తానే పట్టించుకోలేదన్నారు. కారణం పట్టుకున్నవారిదే కొత్త గది అని తాళంచెవి పెద్దకోడలి చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని గుప్పిట్లో బిగించేలోపే, ఇంతకీ మొట్టమొదట మూత వదిలేసిందెవరని అడిగారు.

"నేనేనండి" అంది చిన్నకోడలు, ముత్యాలు రాల్చినట్టు నవ్వుతూ.

అంతే. ఆ పుల్లటి ఉప్పునీటికి 'చిన్నావిడ నీళ్ళు' అని పేరు పడిపోయింది. కొత్తగా చేరిన విద్యార్థులు కూడా వచ్చి, "మేడమ్, చిన్నావిడ నీళ్ళు అయిపోయాయండీ" అని పెద్దకోడలినే అడుగుతారు. ఆవిడే కలిపి ఇవ్వాలి.

ఇప్పుడు పులుపు కొలిచి కలుపుతారు కాబట్టి మూత వదిలెయ్యాల్సిన పనిలేదు. అందుకని పెద్దకోడలు తన గదిలోని ప్రతి సీసా మూతనీ పళ్ళు బిగబట్టి మరీ బిగిస్తుంది. చిన్నకోడలు పెనుగులాడి, అరచేతులు ఎర్రబడ్డాక, సీసా పట్టుకొచ్చి నిలబడుతుంది.

"అక్కా, కాస్త ఇది తీసిపెట్టవూ?"

పెద్దకోడలు వెంటనే అందుకోదు. తీరిగ్గా చేతులు తుడుచుకుని, అప్పుడు తీసిస్తుంది.