‘ఐ’ అనకుండా ఇచ్చిన ఇంటర్వ్యూ

నోరు పెగలక ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. మర్యాద ఎక్కువై పోగొట్టుకున్నవాణ్ణి చూడకపోతే, ఇదిగో, నన్ను చూడండి. ఎదిగిన కొద్దీ ఒదగమన్నారు పెద్దలు. నేను ఎదగకముందే ఒదిగాను.

డెబ్బైలలో మాట. ఉప్పుగూడలో మా ఇల్లు. బాపుకు రైల్వేలో పని, దసరాకు రిటైరు. ఇంట్లో ఆరు కడుపులు. బీఏ పాసై రెండేళ్ళుగా ఊరికే కూర్చున్న నాకు, ఒక సర్కారు కంపెనీ నుంచి గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. అది దక్కకపోతే దసరా తర్వాత మా పొయ్యిలో పిల్లి లేవదు.

"ఆఫీసరు మద్రాసు దిక్కు నుంచి కొత్తగ వచ్చిండట. ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాదట" అన్నాడు బాపు. "పోయి మునీర్ సాబ్‌ను అడుగు."

మునీర్ సాబ్ చార్మినార్ దగ్గర గొడుగు కింద కూర్చుని దరఖాస్తులు రాసిపెట్టే పెద్దమనిషి. తన గురించి చెప్పుకోవాల్సి వస్తే ఏనాడూ ‘నేను’ అనేవాడు కాదు, ‘ఈ నాచీజ్’ అనేవాడు. అంటే ఎందుకూ కొరగానివాడని. పెద్దల ముందు తనను తాను ఎంత తగ్గించుకుంటే అంత మర్యాద ఆయన లెక్కలో.

"ఇంగ్లీషుల ‘ఐ’ చూసినవా బేటా?" అన్నాడు చాయ్ సాసర్‌లో పోసుకుంటూ. "మినార్ లెక్క సీదా నిలబడ్తది. పెద్దసాబ్ ముంగట గట్ల నిలబడ్తరా? ‘యువర్ హంబుల్ సర్వెంట్’ అను. మల్ల చెప్పాల్సొస్తే ‘హి’ అను."

"మరి నా తారీఫ్ నేను చేసుకోవద్దా ఉస్తాద్?"

"తోబా తోబా. నువ్వు నిన్ను తిట్టుకో. సాబ్ ‘అరే, గట్ల కాదు’ అంటడు. గదే పద్ధతి."

నాకు బాగా నచ్చింది. నన్ను తిట్టడమెలాగో బాపు రోజూ నేర్పిస్తూనే ఉన్నాడు కదా.

ఇంటర్వ్యూ గదిలో ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తకుండానే నా పేరు చదివి, యాదగిరి వచ్చాడా అని అడిగాడు.

"యువర్ హంబుల్ సర్వెంట్ హాజ్ కమ్ సర్" అన్నాను, తలుపు దగ్గరే వంగి. ఇక మిగతా ఇంగ్లీషంతా మీకోసం తెలుగులో చెబుతాను.

"సర్వెంటా? సరే. ఈ యాదగిరి ఎలాంటివాడు?"

"ఎందుకూ పనికిరాడు సార్. మీ ముందు నిలబడే అర్హత అతనికి లేదు."

ఇప్పుడు ఆయన ‘అలా కాదు’ అనాలి. అనలేదు. వంగింది చాలలేదేమోనని నేను ఇంకాస్త వంగాను.

"కష్టపడి పనిచేస్తాడా?"

"బద్ధకస్తుడు సార్. వాళ్ళ నాన్న రోజూ తిడతాడు."

"మరి ఉద్యోగం ఎందుకు అడుగుతున్నాడు?"

"మీ దయ తప్ప అతనికి దిక్కు లేదు సార్."

ఈ ఒక్కటీ మర్యాదకు అన్న మాట కాదు, నిజం.

ఆయన నన్ను కాసేపు చూసి, "నీలాంటి నిజాయితీపరుణ్ణి ఈ ఊళ్ళో ఇంకా చూడలేదు" అని ఏదో రాసుకున్నాడు. నేను గాలిలో తేలుతూ ఇంటికొచ్చి, ఉద్యోగం వచ్చేసినట్టే అని వీధంతా చెప్పేశాను.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. వీధి జనమంతా చుట్టూ చేరితే నేనే చదివి, తెలుగులో చెప్పాను.

"శ్రీ యాదగిరి గారికి. తమరు స్వయంగా రాకుండా నౌకరును పంపినందున తమ దరఖాస్తు తిరస్కరించడమైనది. అయితే తమ గురించి ఏదీ దాచకుండా చెప్పిన ఆ నౌకరును అటెండరుగా తీసుకోదలిచాము. అతణ్ణి సోమవారం పంపగలరు."

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "ఎవరు పోవాలె బాపు? యాదగిరా, నౌకరా?" అన్నాను.

బాపు తాపీగా బీడీ ముట్టించాడు. "జీతం ఎవనికిస్తరో వాణ్ణి పొమ్మను" అన్నాడు.

సోమవారం పోయి చేరాను. పేరడిగితే యాదగిరి అని చెప్పాను. ఆఫీసరు కళ్ళు చెమ్మగిల్లాయి.

"అంత పనికిమాలిన యజమాని పేరే పెట్టుకున్నావా? ఏం భక్తయ్యా నీది" అన్నాడు.

ఆ తర్వాత మూడేళ్ళు, పరీక్ష రాసి గుమాస్తా అయ్యేదాకా, ఆయనకు చాయ్ మోశాను. అందుకే చార్మినార్ సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇంగ్లీషులో ఎవరైనా నువ్వెవరని అడిగితే, ఇక ‘ఐ’ తప్ప ఇంకో మాట నా నోట రాదు, అదీ మినారులా నిలబడే అంటాను. ఇది రాసి కింద సంతకం పెట్టబోతే చెయ్యి దానంతటదే ‘యువర్ హంబుల్’ దాకా వెళ్ళింది. కొట్టేశాను.