కోటు వద్దన్న మా చెల్లె

మా చెల్లె పోయింది. చిక్కడపల్లిలో ఆమెను ఎరిగినవాళ్లలో చాలామందికి ఇంకా తెలియదు, అందుకే రాస్తున్నాను. ఆ పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, జర నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగిందట. మేనకోడలు ఫోన్ చేసి, "మామా, అమ్మ లేస్త లేదు" అన్నది. అశోక్‌నగర్ నుంచి చెప్పులు కూడా తొడుక్కోకుండా నడిచాను.

నాకు రాయడం అంతగా రాదు. కొలతలు రాసుకునేంత చదువు నాది. నారాయణగూడలో వకీళ్లకు నల్లకోట్లు కుట్టి కుట్టి ముసలివాణ్ణయ్యాను. నా కుట్టు భుజం దగ్గర జారిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

చెల్లె ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆఫీసులో పనిచేసేది. మిషన్ల కంపెనీలతో ఒప్పందాలు, రోగుల తరఫువాళ్ల ఫిర్యాదులు అన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. యాభై దాటాక లా చదువుతానన్నది. కాలేజీకి పోకుండా ఇంట్లోనే, ఆన్‌లైన్‌లో, డిగ్రీ మీది పెద్ద చదువు. ఈ వయసుల చదువేందే అని నవ్వాను. "ఏండ్లసంది చదవకుండనే కాయిదాల మీద ముద్ర కొడుతున్ననన్నా. కొట్టే చేతికి తెల్వాలె గద" అన్నది.

వంటింట్లో పసుపు డబ్బాకు ఫోన్ ఆనించి పాఠాలు వినేది. పప్పు పొంగినా చూసేది కాదు. విన్నదంతా సాయంత్రం నాకు చెప్పేది. నేను ఒప్పుకోకుండా అడ్డం తిరగాలి, అదీ ఆమె పద్ధతి. కోటు కుట్టించుకుని తీసుకుపోనివాడి కోటు నేను ఇంకొకడికి ఇవ్వొచ్చా అని నేనంటే, ఎందుకు కూడదో చెప్పేది. నేను మళ్లీ కొట్లాడేవాణ్ణి. నీకు అర్థమైతేనే నాకు వచ్చినట్టు అనేది.

పరీక్ష కూడా ఇంట్లోనే, కంప్యూటర్ కెమెరా ముందు. నాకేం తెలుసు? తలకాయకూర డబ్బా పట్టుకుని గదిలోకి పోయాను. కళ్లతోనే బయటికి తోసింది. అయిపోయాక బయటికొచ్చి, "ఎనుక నిలబడి నువ్వే జవాబులు చెప్తున్నవనుకుంటరు. నీ మొఖం చూసి ఎవలు నమ్ముతరో గని" అన్నది.

లా చదివితే వకీలే కదా అనుకున్నాను. ఆమె పాత జాకెట్టు నుంచి కొలత తీసి, మంచి బట్ట చూసి, చెప్పకుండా నల్లకోటు కుట్టాను. గల్లీలో అందరికీ చెప్పుకున్నాను. మా దుకాణం పక్కన గాజులమ్మే అక్కను ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చేయమని, నల్లా నీళ్లు కూడా బందు పెట్టాడు. పరేషాన్ కావద్దు, మా చెల్లె కొట్లాడతది అని ఆ అక్కనూ కోటునూ కలిపి చిక్కడపల్లి తీసుకుపోయాను.

చెల్లె కోటు కాలరు మీద వేలితో రాసి చూసింది. "మస్తు కుట్టినవన్నా. కానీ ఇంట్ల కూసోని చదివిన ఈ చదువుకు పట్టా వస్తది, కోటు రాదు. నేను వకీలు లెక్క కోర్టుల నిలబడ్తే తప్పయితది."

మరి ఎందుకు చదివినట్టు అని అరిచాను. గాజులక్క ముఖం మాడిపోయింది. నాదీ అంతే.

చెల్లె ఆ అక్కను కూర్చోబెట్టి ఛాయ్ ఇచ్చి, సంగతంతా మొదటినుంచి చెప్పించింది. ఏడుపులో కలిసిపోయిన మాటలను మళ్లీ మళ్లీ చెప్పించి వరుసకు తెచ్చింది. ఆడవాళ్లకు సర్కారే వకీలును పెడుతుందని చెప్పి, సెలవు పెట్టి తనే కోర్టుకు తీసుకుపోయింది. వెంట నేనూ పోయాను. అక్కడ సర్కారు పెట్టిన చిన్న వయసు వకీలమ్మ, మీరు అడ్వకేటా మేడం అని చెల్లెను అడిగింది.

"కాదు బిడ్డా. తోడొచ్చిన" అన్నది మా చెల్లె.

గాజులక్క తన మాట తనే చెప్పుకుంది, ఎక్కడా తడబడలేదు. నల్లాలో నీళ్లు మళ్లీ వచ్చాయి. ఆమె ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది.

నేను కుట్టిన కోటును చెల్లె ఆ వకీలమ్మకే ఇప్పించింది. చేతులు కురచ చేసి ఇచ్చాను. ఇచ్చేముందు, ఇంట్లోనే ఒక్కసారి తొడుక్కో, నా కండ్లతో చూసుకుంటానని అడిగాను.

"అద్దం ముంగట గూడ అబద్దమెందుకన్నా" అని నవ్వుతూనే మడతపెట్టింది.

మనిషిని చూస్తే కోటు ఎట్లా కూర్చుంటుందో నేను కళ్లు మూసుకుని చెప్పగలను. ఆమె మీద ఎట్లా ఉండేదో మాత్రం, ఎంత మూసుకున్నా కనిపించడం లేదు.

పట్టా వచ్చాక అడిక్‌మెట్ నుంచి, అంబర్‌పేట్ నుంచి కూడా జనం వచ్చేవారు. జవాబు వకీలు చెప్పాలి, ఏం అడగాల్నో నేను చెప్త అనేది. ఆ మాట దాటి ఒక్క అడుగు వేయలేదు. ఇప్పుడు సాయంత్రమైతే నాకు నోరు దురద పెడుతుంది. నేను అడ్డం తిరిగి కొట్లాడేందుకు మనిషి లేదు.

చెల్లె దినాలనాడు ఆమె ఇంట్లో భోజనాల్లో మా దగ్గరివాడొకడు, తన కొడుక్కు కంపెనీ జీతం ఆపేసిందని, ఎవరిని పట్టుకోవాలని అడిగాడు. ఎవరినీ చూసి అడగలేదు. విస్తళ్ల ముందున్న వాళ్లందరి తలలూ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. నాదీ తిరిగింది. గుమ్మానికి వేసిన పరదా గాలికి లోపలికి పోయి, మెల్లగా బయటికి వచ్చింది. వడ్డించేవాడు గరిటె ఎత్తి పట్టుకుని అట్లే నిలబడ్డాడు.