ఒంటె తెలుగు మాట్లాడిన ఆదివారం

మా ఆయన సైన్యంలో హవల్దారు. ఢిల్లీ కంటోన్మెంటుకు బదిలీ అయి వచ్చిన ఏడాదే మా క్వార్టర్‌లో ఆదివారాలు తెలుగు పాఠం మొదలుపెట్టాను. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళ పిల్లలు నలుగురైదుగురు వచ్చేవారు. అందరికీ తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. వాళ్ళందరిలోకీ మా ఏడేళ్ళ అమ్మాయే మొండి. "అన్నం తిన్నావా?" అంటే "ఖా లియా" అనేది. పలకలు తెచ్చాను, అక్షరాల పుస్తకాలు తెప్పించాను. వాళ్ళకు ఆవలింతలు, నాకు నీరసం.

ఒక ఆదివారం పలకలు పక్కన పెట్టేసి, స్టాంపు ప్యాడు, తెల్లకాగితాలు, స్కెచ్ పెన్నులు చాప మీద పరిచాను.

"వేలు అద్దండి. ఆ ముద్రకు కాళ్ళు, చెవులు, తోక మీ ఇష్టమొచ్చినట్టు గీయండి. ఏ జంతువైనా సరే. కానీ అది ఏదో ఒక మాట అనాలి, తెలుగులో అనాలి."

"ఆంటీ, బిల్లీ తెలుగు కైసే బోలేగీ?" అంది ఎదురింటి పాప.

"నువ్వు నేర్పితే మీ పిల్లి మాట్లాడుతుంది" అన్నాను.

కాసేపట్లో కాగితాల నిండా కోడిపిల్లలు, ఎలుకలు. మా అమ్మాయి మాత్రం తొందరపడలేదు. బొటనవేలు పక్కపక్కనే రెండుసార్లు అద్ది, చిటికెనవేలితో తల పెట్టి, పొడుగు మెడ, సన్నటి కాళ్ళు గీసింది.

"ఏంటమ్మా ఇది?"

"ఊంట్."

"తెలుగులో?"

"ఒంటె" అంది తలెత్తకుండా.

"ఏమంటోంది మీ ఒంటె?"

చాలాసేపు పెన్ను మూత కొరుకుతూ కూర్చుంది. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "నేను నీళ్ళు తాగేశాను. మిగిలినవి మీరు తాగండి" అంది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. మా అమ్మాయి నోట నేను విన్న మొదటి నిండు తెలుగు మాట అది. పుస్తకంలోది కాదు, నేను చెప్పించిందీ కాదు, సొంతంగా అల్లుకున్నది. ఇక మిగతావాళ్ళూ ఆగలేదు. పిల్లికి జలుబు చేసింది, తాబేలు బస్సెక్కనని పేచీ పెట్టింది. తప్పులు చాలానే దొర్లాయి. ఒక్కటీ దిద్దలేదు.

ఆ బొమ్మలన్నీ పెద్ద చార్టుకు అతికించి, కింద వాళ్ళ మాటలు వాళ్ళచేతే రాయించాను. నెలాఖరున మా యూనిట్ కుటుంబాలన్నీ కలిసినప్పుడు దాన్ని అక్కడి హాలు గోడకు తగిలించాం. ఒక అధికారి భార్య దాని ముందు ఆగి, "యే క్యా లిఖా హై, బేటా?" అని అడిగింది. మా అమ్మాయి ఒంటె మాట ముందు తెలుగులో చదివి, తర్వాత హిందీలో అర్థం చెప్పింది. ఆవిడ నవ్వి, ఇంకోసారి తెలుగులోనే చదవమంది. నేను ప్లేట్లు సర్దుతున్నట్టు నటిస్తూ అంతా విన్నాను. వెళ్తూ వెళ్తూ ఆవిడ నన్ను "టీచర్‌జీ" అని పిలిచింది. అలా పిలిపించుకోవడం అదే మొదలు. చాలా బాగుంది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే అమ్మాయి వాళ్ళ నాన్న బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద, తర్వాత కాగితం మీద అదిమింది.

"ఓయ్, పొద్దున్నే డ్యూటీ ఉందే తల్లీ! ఈ రంగు ఓ పట్టాన పోదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

"ఎలుగుబంటి అని చెప్పు నాన్నా."

మర్నాడు ఎవరూ అడగలేదట. ఈయనే వేలు చూపించి అందరికీ చెప్పారట.